వెచ్చబడిన కుప్ప

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడిపే కుసుమకుమారి పొద్దున్నే వంటగదిలోకి రాగానే, పొయ్యి వెలిగించకముందే, ఇడ్లీపిండి గిన్నెకు అరచెయ్యి ఆనిస్తుంది. గోరువెచ్చగా తగిలితే కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోతుంది. కోచింగుకు పరుగెత్తే పిల్లల గోల గానీ, మెట్రో రైలు చప్పుడు గానీ అప్పుడు చెవికెక్కవు. ఆ పుల్లటి వాసన వెంట మనసు ఏలూరు దగ్గర తమ్ముడి తోటకు వెళ్లిపోతుంది. అక్కడ కొబ్బరినీడలో కోకోచెట్ల మానులకే పసుప్పచ్చటి కాయలు వేలాడుతుంటాయి.

ఒకరోజు అలా నిలబడి ఉండగానే మరదలు మంజూష ఫోన్ చేసింది.

"కోకో గింజలు పులియడం లేదు వదినా. అరటాకులు కప్పినా కుప్ప చల్లగానే ఉంటోంది. పులియని గింజ చాక్లెట్ కంపెనీవాళ్లు తీసుకోరు. చెట్లు కొట్టేద్దామంటున్నారు మీ తమ్ముడు."

"ఎంత కుప్ప పోశారు?"

"బుట్టెడే. ఊళ్లో రైతులు ఎవరివి వాళ్లే పోసుకున్నారు, కలిస్తే ఎవరివెన్నో తేలదని."

"చలికాలంలో గ్లాసుడు పిండి పొంగుతుందా మంజూషా? తూచుకుని అందరివీ ఒకచోట పొయ్యండి. చిన్న కుప్పకి వేడి నిలవదు."

మూడోనాడు మళ్లీ ఫోన్ మోగింది. "చెయ్యి పెడితే కాలుతోంది వదినా. ఊళ్లోవాళ్లంతా వచ్చి చెయ్యి పెట్టి చూసి వెళ్తున్నారు."

కుసుమకుమారి ఫోన్ పెట్టేసి అరచేతిని చెంపకు ఆనించుకుంది. టిఫిన్‌కొచ్చిన హాస్టల్ పిల్ల పూజ చూసి, "ఏమైందాంటీ, జరమొచ్చిందా?" అంది.

కుసుమకుమారి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గోరువెచ్చటి పిండిగిన్నెకు ఆనించింది.