నాయన కండ్ల పుస్తకం

పరదేశపు విమానాశ్రయంలో నాయననూ నన్నూ పక్కకు పిలిచింది ఉలుల కోసం. నా లాప్‌టాప్ సంగతి తర్వాత వచ్చింది. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే సరిహద్దు దగ్గర లాప్‌టాప్ తెరిచి చూశారు అనగానే వినేవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, అందులో ఏం పెట్టుకున్నావమ్మా అంటారు. పెట్టుకున్నదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఆళ్ళగడ్డ. నాయన శిల్పి, రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను కంప్యూటర్ మీద కొలతల బొమ్మలు గీస్తాను. పీఠం ఎంత వెడల్పుండాలి, విగ్రహం ఎక్కడ కూర్చోవాలి, రాయి ఎంత బరువు తూగుతుంది, అదీ నా పని. నాకు ఉలి పట్టడం రాలేదు. నోరు మాత్రం బాగా వచ్చిందని నాయన అందరితో అంటుంటాడు.

మా షెడ్డులో నాకు ముట్టుకునే హక్కు లేని వస్తువు ఒకటుంది. పసుపు గుడ్డలో చుట్టిన పాత నోటుపుస్తకం. నాయన ఏ విగ్రహం చెక్కినా కళ్ళు మాత్రం వదిలేస్తాడు. గుడిలో ప్రతిష్ఠ రోజు తెర కట్టి, తెర వెనక ఒక్కడే నిలబడి, ముందు బంగారు సూదితో గీత గీసి, తర్వాత సన్న ఉలితో కళ్ళు తెరుస్తాడు. ఆ కళ్ళు ఎలా ఉండాలో ముందుగా ఆ పుస్తకంలో గీసుకుంటాడు. కళ్ళు తెరిచేదాకా ఆ బొమ్మ ఇంకెవరి కంటా పడకూడదు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "ముందు అమ్మవారు జూడాల. ఆ తర్వాతనే మనం జూడాల" అన్నాడు. నేను మళ్ళీ ఎందుకని అడిగాను. పోయి చదువుకోమన్నాడు.

పోయిన ఏడు నాయనకు కంట్లో పొర వచ్చింది. నంద్యాలలో ఆపరేషన్ చేయించాం. ఆయనను ఆసుపత్రిలో ఉంచి, బట్టల కోసం నేను బస్సులో ఇంటికి వచ్చాను. వచ్చినదాన్ని బట్టలు తీసుకుని పోక, షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డాను. ఆపరేషన్ వికటిస్తే? ఆ పుస్తకంలో ఉన్నవి ఇంకెవరికి తెలుసు? భయమేసింది. అబద్ధమెందుకు, భయంతో పాటు అందులో ఏముందో తెలుసుకోవాలన్న దురద కూడా చాలా ఏళ్ళుగా ఉంది.

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది. పుస్తకం విప్పి, ఫోన్ దాని మీదికి పట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకుని ఒక్కో పేజీ ఫోటో తీశాను. చూడలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. ఆ ఫోటోలు లాప్‌టాప్‌లో వేసేటప్పుడు కూడా బొమ్మలు కనబడకుండా పేర్లు మాత్రమే వచ్చేట్టు పెట్టుకున్నాను. ఆ ఫోల్డర్‌కు "పీఠాలు" అని పేరు పెట్టాను. దొంగకున్నన్ని జాగ్రత్తలు తీసుకుని, నేను దొంగను కాదనుకున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. కానీ మా వీధిలో, ముసలాయన పని అయిపోయింది, ఇంక సన్నపని చేయలేడు అనే మాట పాకింది. అది నాయన చెవిన కూడా పడింది. అందుకే పరదేశంలో మనవాళ్ళు కట్టుకున్న గుడికి అమ్మవారి విగ్రహం కావాలని కబురొస్తే, వద్దన్నా వినకుండా ఒప్పుకున్నాడు. నల్లరాతి విగ్రహం ఓడలో ముందే వెళ్ళింది. మేమిద్దరం ప్రతిష్ఠకు వారం ముందు విమానమెక్కాలి. ఆపరేషన్ తర్వాత ఆయన తెరవబోయే మొదటి కళ్ళవి. ఆయనకు అది ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

బయల్దేరే ముందు లాప్‌టాప్ బ్యాటరీ మార్పిద్దామని నంద్యాలలో మాకు తెలిసిన సాయిబు రిపేరు షాపుకు వెళ్ళాను. ఆయన స్క్రూలు బిగిస్తూ, "అక్కా, ఉత్త డబ్బా తీస్కొనిపో. దాంట్లో ఉండేటివన్నీ ఈడ్నే పెట్టిపో. ఆడ బార్డర్ కాడ అన్నీ తెరిచి చూస్తాండారంట" అన్నాడు.

"మాదాంట్లో ఏముంటాదన్నా, రాళ్ళే" అన్నాను.

"రాళ్ళయితే మాత్రం? నీ రాళ్ళు నీవి గదా!"

నవ్వి వచ్చేశాను.

విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికి వస్తుంటే ఉలులున్న పెట్టెను పక్కన పెట్టించారు. బట్టతల అధికారి ఒకాయన ఉలులు ఒక్కొక్కటే ఎత్తి చూసి, ఇవెందుకని మర్యాదగానే అడిగాడు. చెప్పాను. తర్వాత ఆయన నాయన భుజం సంచీలోని పసుపు మూట వైపు చేయి చాచాడు. నాయన రెండు చేతులూ అడ్డం పెట్టి, "దేవునిది, దేవునిది" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అధికారి వెంటనే చేయి వెనక్కి తీసుకుని, క్షమించమన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

తర్వాత నా లాప్‌టాప్ చూపించి, పాస్‌వర్డ్ చెబుతారా అని అడిగాడు.

"చెప్పకపోతే?" అన్నాను. ఊరికే తెలుసుకుందామని.

"చెప్పకపోవచ్చు. అప్పుడు దీన్ని మేం ఉంచుకుంటాం. ఎప్పుడు తిరిగిస్తామో చెప్పలేను."

గుడి కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. చెప్పాను.

ఆయన లాప్‌టాప్‌ను తన మిషన్‌కు తగిలించి నా ఉత్తరాలు చూశాడు, బ్యాంకు కాగితాలు చూశాడు, నేను రాసి పంపకుండా వదిలేసిన ఒక ఉత్తరం దగ్గర కాసేపు ఆగాడు. నా చెవులు వేడెక్కాయి. తర్వాత "పీఠాలు" తెరిచాడు. ఆయన మిషన్‌లో పేర్లు కాదు, బొమ్మలే వచ్చాయి. తెర నిండా కళ్ళు. ఒక్కో పేజీకి ఒక జత, కింద తెలుగులో ఒక ముక్క. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవరు వీళ్ళంతా? కింద ఏం రాసుంది?"

చదవక తప్పలేదు. మొదటిసారి నేనూ అప్పుడే చూస్తున్నాను. "పాణ్యం బస్సు, కిటికీ పక్క ముసలామె." "బెలుం గుహల గైడు, చీకట్లోంచి ఎండలోకి వచ్చినప్పుడు." "కోయిలకుంట్ల, శనగ చేన్లో మనిషి, వాన జూస్తా." "నల్లమల నుంచి తేనె తెచ్చిన ఆయమ్మ, బేరమాడనప్పుడు." చదువుతుంటే నాకు భయం పోయి ఆశ్చర్యం మొదలైంది. మా పక్క ఊళ్ళో నాయన చెక్కిన, అందరం ప్రదక్షిణాలు చేసే ఆంజనేయస్వామి చూపు ఎక్కడో చూసినట్టుంటుందని ఎప్పుడూ అనుకునేదాన్ని. అది బెలుం గైడు చూపు!

చివరి పేజీలోవి ఆపరేషన్‌కు ముందే గీసి, ఇంకా ఏ విగ్రహానికీ పెట్టని కళ్ళు; ఈ అమ్మవారికి ఉంచుకున్నవి. "నంద్యాల గాజులంగడి ఆయమ్మ, చేతిలో గాజు పగిలినప్పుడు" అని ఉంది. చిన్నప్పుడు నా చేతులకు గాజులు తొడిగిన సాయిబులామె. అధికారి ఆ బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది" అన్నాడు, నిజంగానే. ఆ తర్వాత మొత్తం కాపీ చేసుకున్నాడు. ఎన్నాళ్ళు ఉంచుకుంటారని అడిగితే, తనకు తెలీదన్నాడు.

వెనక్కి తిరిగితే నాయన నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. పసుపు మూట విప్పకుండా చంకలోనే ఉంది.

గుడివాళ్ళు ఇచ్చిన గదికి చేరాక ఆయన మంచం మీద కూర్చుని, "ఆ కండ్లు ఇంక పనికిరావు" అన్నాడు. ప్రతిష్ఠ ఐదు రోజుల్లో ఉంది. ఎరుగని ఊరు, పొర తీసిన కళ్ళు, కొత్త చూపు ఎక్కడినుంచి తెస్తాడు? తేలేకపోతే మా వీధివాళ్ళు అన్నమాటే నిజమవుతుంది.

"నేనేం జేసేది నాయనా? అడిగినాడు, ఇచ్చినా."

"ఆయప్ప అడిగినాడు. నువ్వు నన్ను అడిగినావా?"

జవాబు లేనప్పుడు నాకు కోపమొస్తుంది. "నువ్వు ఆ గాజులంగడి ఆయమ్మను అడిగినావా? పాణ్యం బస్సులో ముసలామెను అడిగినావా?" అన్నాను.

నాయన చంకలోని మూట తీసి పక్కన పెట్టాడు. అనగానే తప్పనిపించింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మూడు రోజులు ఆయన ఆ ఊరి పార్కులో బెంచీ మీద కూర్చుని వచ్చీపోయేవాళ్ళను చూశాడు. చూసి, కళ్ళు దించుకునేవాడు. పుస్తకం తెరవలేదు. నేను పక్కన కూర్చుని ఫోన్‌లో ఈ తనిఖీల మీద జనం చేస్తున్న వాదులాటలు చదివాను. సరిహద్దు దాటేవాడి సంచీ చూసినట్టే లాప్‌టాప్ కూడా చూస్తాం, తప్పేమిటని కొందరు. సంచీలో నాలుగు జతల బట్టలుంటాయి, లాప్‌టాప్‌లో మనిషి మొత్తం ఉంటాడు, కారణం లేకుండా ఎలా తెరుస్తారని కొందరు. దాచడానికేమీ లేనివాడికి భయమెందుకని ఇంకొందరు. నాయన దగ్గర దాచడానికి చెడ్డదేమీ లేదు, అయినా దాచాడు. గుడ్డ చుట్టిన పుస్తకాన్ని ముట్టుకోని మనిషి, అదే పుస్తకం తెర మీద కనబడితే ఎందుకు ఆగలేదో నాకు అంతుపట్టలేదు. నేను మాత్రం ఎందుకు ఆగలేదు? అది ఇంకా అంతుపట్టలేదు.

ప్రతిష్ఠకు ముందురోజు పొద్దున నేను కాఫీ తాగుతుంటే నాయన వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్సిల్.

"మ్మా, నీ కండ్లు గీసుకుంటా. సరేనా?"

ఆయన ఎవరినైనా ఇలా అడగడం నేను ఎన్నడూ వినలేదు. నాకేమో వింతగా, ముందు వద్దనాలనిపించింది. రేపు అంతమంది ఎదుట, నావి. నేను ఏడ్చినవి, దొంగచూపులు చూసినవి.

"కాదంటే?" అన్నాను.

"కాదంటే ల్యాదు. ఇంకెవర్నన్నా అడుగుతా. నీకేం కోపం జేసుకోను." పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, నిజంగానే ఎదురుచూశాడు.

నేను లేచి లాప్‌టాప్ తెచ్చి, ఆయన చూస్తుండగా ఆ ఫోల్డర్ తీసేశాను. ఆ అధికారి దగ్గరున్న కాపీ నా చేతిలో లేదు. అది ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో ఇప్పటికీ తెలీదు. తర్వాత వచ్చి కూర్చుని, "గీసుకో నాయనా" అన్నాను.

ఎటు చూడాలో తెలియలేదు. "నన్నే జూడు" అన్నాడు. పొర తీసిన కన్ను నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ గీశాడు. అయ్యాక పసుపు గుడ్డ చుట్టాడు. ఎలా వచ్చిందని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

మర్నాడు తెర కట్టారు. లోపల చాలాసేపు ఉలి చప్పుడు వినిపించింది, ఆగి ఆగి. నేను జనంలో వెనకగా, నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. తెర తీశారు, గంటలు మోగాయి.

ముందు అమ్మవారు చూసింది. ఆ తర్వాతే నేను చూశాను.