విగ్గు లాగిన చెయ్యి

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా మోశాను. ఇక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బయ్యో దశకం చివర. దేశ రాజధానిలో, ధౌలా కువాన్ దగ్గర ఒక మేడ మీద గదిలో నేనూ, సుందరమూ అద్దెకుండేవాళ్లం. ఇద్దరం కాలేజీ కుర్రాళ్లం. తెలుగు సంఘం వాళ్లు వార్షికోత్సవానికి పాత హాస్యనాటకం ఒకటి వెయ్యమన్నారు. హీరో మనసుపడ్డ పిల్ల, చివర్లో అతను విగ్గు లాగేసరికి మగాడు. జనం పడీపడీ నవ్వాలి. నేను హీరోని, సుందరం ఆ పిల్ల.

డాబా మీద చలికాలపు ఎండలో రిహార్సల్సు. మంచు విడిపోతుంటే చీరకట్టుతో సుందరం నడిచి రావడం, నేను మాటలు మరిచిపోయి చూస్తూ ఉండిపోవడం, ఆ రోజులన్నీ నిజంగా జరిగాయా, కలగన్నానా అనిపిస్తుంది. చీర విప్పేశాక కూడా పాలవాడు పిలిస్తే "ఆతీ హూఁ, భయ్యా" అనేవాడు. మగవాళ్లు 'ఆతా' అనాలి. మన తెలుగువాళ్ల హిందీ ఇంతేలే అని అందరూ నవ్వేవారు. 'వస్తున్నాను' అంటే ఆడో మగో మన భాషలో తెలియదు కదా! కానీ సుందరం హిందీ నా హిందీ కన్నా ఎంతో శుభ్రం. ఉండబట్టలేక అడిగేశాను.

"పొరపాటు కాదురా. అలా అంటేనే నేను నాలా ఉంటాను," అన్నాడు. చీర మడతపెడుతూ, "చివర్లో విగ్గు తియ్యొద్దురా. నేనెవరో తెలిసినా ఫరవాలేదని నా చెయ్యి పట్టుకో. అక్కడే తెర దించేద్దాం," అన్నాడు.

"ఠీక్ హై. ఒట్టు," అన్నాను.

నాటకం రోజు చెయ్యి పట్టుకున్నాను. ముందు వరుసలో ఎవరో ఆంటీ, "అబ్బ, ఆ అబ్బాయి చూపు చూడండి, నిజంగానే మనసుపడ్డట్టున్నాడు!" అంది. రెండో చేత్తో విగ్గు లాగేశాను.

హాలంతా ఘొల్లున నవ్వింది. సుందరం నవ్వలేదు. మర్నాడు పెట్టె పట్టుకుని మెట్లు దిగుతూ, ఇంటావిడతో "జాతా హూఁ, ఆంటీ" అన్నాడు. జాతా! వెళ్తున్నానని మగవాడిలాగే అన్నాడు. నావైపు చూడలేదు.

అది నాటకంలో ఉన్నదే అనుకున్నారు అందరూ. నన్ను భేష్ అన్నారు కూడా. నవ్వుల కోసమే లాగానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. ఎవరి వేషం బయటపడుతుందని భయపడ్డాను? నాదే కదా!

ఆమె, అవును, ఇప్పుడైనా ఆమె అనే అంటాను, నన్ను క్షమిస్తుందని రాయడం లేదు. ఎక్కడుందో కూడా తెలియదు. నేను ఆమెను ప్రేమించాను.

అమ్మయ్య, అనేశాను.