బజారున పడ్డ ప్రార్థన

మా మేనత్త జయకుమారి చర్చిలో బైబిలు స్త్రీ, అంటే ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పి ప్రార్థన చేసే మనిషి. చిలకలూరిపేట చుట్టుపక్కల ఆడవాళ్లు మొగుడికి చెప్పుకోలేని కష్టం కూడా ఆమెకు చెప్పుకునేవాళ్లు. కళ్లకు శుక్లాలొచ్చి రాసుకోవడం కుదరక, వాళ్ల విన్నపాలు టేపురికార్డరులో చెప్పించుకునేది. తెల్లారగట్ల అది వింటూ మోకరించి ప్రార్థన చేసేది. పేరు, ఊరు, పనిచేసే చోటు, అన్నీ చెప్పి తీరాలి.

"దేవుడికి అడ్రసు కూడా కావాలా అత్తా?" అని నేను ఏడిపించేదాన్ని.

"మనూళ్లో అంకమ్మలు ఎంతమందే? ఒకరికి అడిగింది ఇంకొకరికి పోతే?" అనేది.

1986 ఎండాకాలంలో టేపురికార్డరు తలుపు బిగుసుకుపోయి, క్యాసెట్టు లోపలే ఇరుక్కుంది. గ్యారంటీ ఇంకా ఉంది కాబట్టి పేటలో కొన్న షాపుకే తీసుకెళ్లాం. ముందు క్యాసెట్టు తీసివ్వమని అత్త అడిగింది.

"సీలు విప్పితే గ్యారంటీ పోద్దమ్మా. ఉన్నదున్నట్టు ఇచ్చి వెళ్లండి" అన్నాడు ఓనరు బాలస్వామి.

వారం పోయాక వెళితే బల్ల మీద కొత్త సెట్టు పెట్టాడు.

"పాతది మద్రాసు కంపెనీకి పంపాలి. దాని బదులు ఇది మీకు. అదృష్టవంతులు!"

"మరి నా క్యాసెట్టు?"

"దాంట్లోనే ఉంది. మావాడు కాస్త తిప్పేసరికి బాగానే పలికింది. అన్నట్టు, ఆ మిరప గోడౌన్ అంకమ్మకు క్షయ తగ్గిందా? షాపులో అందరం విని అయ్యో పాపం అనుకున్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. అంకమ్మ మిరపకాయలకు తొడిమలు తీసి పిల్లల్ని సాకుతోంది. మందులు వాడుతోంది, పనికి పోవచ్చని డాక్టరే చెప్పాడు. అయినా జబ్బు పేరు చెవిన పడితే మేస్త్రీ ఆ పూటే వెళ్లగొడతాడు. ఏడుస్తూ చెప్పుకున్న ఆ మాటను సినిమా పాటలా షాపులో మోగిస్తారా! సిగ్గుండక్కర్లా?

"వినడానికి నువ్వెవరయ్యా?" అంది అత్త.

"టెస్టింగు చెయ్యొద్దా? వింటే ఏమన్నా అరిగిపోయిందా? కొత్తది తీసుకోండమ్మా, ఎందుకీ రభస?"

అత్త అతని పక్కనున్న పాత సెట్టు లాక్కుని, బల్ల మీదున్న స్క్రూడ్రైవరు తలుపు సందులో దూర్చి పెళ్లగించింది. "అయ్యో, గ్యారంటీ!" అని బాలస్వామి అరిచాడు. తలుపు ఊడి కింద పడింది.

"నీ గ్యారంటీ నువ్వే ఉంచుకో" అని క్యాసెట్టు కొంగున ముడేసుకుంది.

అక్కణ్ణుంచి నేరుగా అంకమ్మను చూడ్డానికి గోడౌనుకు వెళ్లాం. ఆమె గేటు బయట మట్టిలో కూర్చుని ఉంది. మేస్త్రీ పొద్దున్నే పేట వెళ్లొచ్చి, ఇక పనిలోకి రావద్దన్నాడట.

అత్త గబగబా కొంగు ముడి విప్పి క్యాసెట్టు చూపించింది. "తెచ్చేశానమ్మా, ఇంకెవరూ వినరు."

అంకమ్మ దాని వంక చూడనైనా లేదు.

"దేవుడికి చెప్పమన్నాను గదండీ అమ్మగారూ, ఊరికెందుకు చెప్పారు?"