అడ్డంగా పోవాలనుకున్న లిఫ్టు మెకానిక్కు

మా అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పదహారేళ్లుగా అతని బతుకంతా పైకీ కిందికీనే. నా అంచనా ప్రకారం ఇప్పటికి చంద్రుడి దాకా పోయి, అక్కడ స్క్రూడ్రైవర్ మరిచిపోయి, దాని కోసం ఇంకోసారి పోయి వచ్చినంత దూరం తిరిగి ఉంటాడు. అంత దూరంలోనూ ఒక్క అడుగు పక్కకు జరగలేదు. కాన్వెంటులో చదివే రోజుల్లో అబద్ధమాడితే సిస్టర్లు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ కథలో చంద్రుడి సంగతి తప్ప మరి దేనికీ నా మోకాళ్లు నొప్పెట్టవు.

సెలవు రోజు ఏదో లిఫ్టులకు ఎవరు చెబుతారో గాని, సరిగ్గా ఆ రోజే ఆగిపోతాయి. ప్రతి లిఫ్టులోనూ మా అల్లుడి ఫోను నంబరు అతికించి ఉంటుంది. కూతురి పుట్టినరోజున కొవ్వొత్తులు వెలిగించి పోయాడు. తిరిగి వచ్చేసరికి కేకు లేదు, కొవ్వొత్తులే ఉన్నాయి.

అతను చూసే లిఫ్టుల్లో ఒకటి, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న మేడలోది. నెలకోసారి దాన్ని పరీక్షించేటప్పుడు ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంటే, ఎదురుగా ట్రావెల్స్ ఆఫీసు అద్దం మీద పెద్ద బొమ్మ: తెల్లటి ఓడ, నీలం సముద్రం. తలుపు మూసుకునేలోపు కళ్లారా చూసుకోవడానికి ఆ ఒక్క అంతస్తునే పదిసార్లు పరీక్షించేవాడు.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర బయటపెట్టాడు. "ఓడలో సెలవులకు పోదాం. ఐదు రోజులు. అది అడ్డంగా పోతుంది, తెలుసా!"

మా అమ్మాయి శిశువిహార్‌లో టీచరు. రోజంతా ముప్ఫై మంది పసివాళ్లను ఒకే గదిలో పడిపోకుండా, కొరుక్కోకుండా చూడడం ఆమె ఉద్యోగం. ఓడ గది కొలతలు వినగానే చెంచా కింద పెట్టేసింది. "ఈ ఇద్దరితో ఆ అగ్గిపెట్టెలోనా? జీతమిచ్చినా రాను."

ఈ ఇద్దరూ అంటే ఏడేళ్ల లాయరమ్మ, మూడేళ్ల బంతి. మొదటిదానికి ఎవరు ఏం చెప్పినా "ఎక్కడ రాసి ఉంది?" అని అడిగే జబ్బు. రెండోవాడు నడవడం నేర్చుకోకుండానే ఎగరడం నేర్చుకున్నాడు.

అయినా అందరూ ట్రావెల్స్ ఆఫీసుకు పోయి చూసివచ్చారు. అక్కడి ట్రావెల్సమ్మ మంచిది. బంతి చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ ఓడ పెట్టింది. "శనివారం సాయంత్రం ఆరింటి వరకు మీ గది పట్టి ఉంచుతాను. ఆ తర్వాత నా చేతిలో లేదు," అంది. వచ్చేటప్పుడు లిఫ్టులో ఆ బుల్లి ఓడ ఎక్కడో పడిపోయింది. దానికి బంతి ఏడ్చిన ఏడుపుకి ఐదు అంతస్తుల వాళ్లూ తలుపులు తెరిచి చూశారు.

లిఫ్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త లిఫ్టులో మనుషుల్ని ఎక్కించే ముందు అంత బరువూ ఇనప దిమ్మలు ఎక్కించి పరీక్షిస్తారు. మా అల్లుడికి మరో పద్ధతి తెలియదు.

"సెలవుల్ని కూడా పరీక్షించి చూద్దాం," అన్నాడు భార్యతో. "శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం ఆరు దాకా హాల్లో ఓడ గది గీసుకుని అందులోనే ఉందాం. ఉండలేకపోతే ఇక జన్మలో ఓడ మాటెత్తను."

"జన్మలో?"

"ఎత్తను."

లాయరమ్మ రంగు పెన్సిలుతో ఒప్పందం రాసింది. "గీత దాటితే మునిగినట్టే. ఎవరు మునిగినా ఓడ లేదు." అందరిచేతా సంతకాలు పెట్టించింది. బంతిది వేలిముద్ర, జాము అంటినది.

శుక్రవారం సుద్దముక్కతో గీతలు పడ్డాయి. హాల్లో పదిహేను అడుగులకు పది అడుగుల గది. వంటింటి దాకా సన్నటి దారి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె స్నానాలగది. రెండంతస్తుల మంచం మీద బంతి కంటే ముందు బంతి అంత బరువున్న ఇనప దిమ్మ ఎక్కింది.

"దిమ్మకు దుప్పటెందుకండీ?" అంది మా అమ్మాయి.

"వాడు కప్పుకుంటాడుగా. పరీక్షంటే పరీక్షే," అని నా వైపు తిరిగాడు. "మావయ్యా, మీరు సముద్రం."

"ఎంత సముద్రాన్ని అల్లుడూ?"

"మోస్తరు."

మోస్తరుగా మంచాలు ఊపాను. లాయరమ్మ వేలు చూపించి, "సముద్రంలో సోఫా ఎందుకుంది నాన్నా?" అంది.

"అది దీవి."

"దీవి మీద నీ ఫోనెందుకుంది?"

"నడి సముద్రంలో ఫోను పనిచెయ్యదమ్మా. అందుకే దీవి మీద పెట్టాను." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూడాలి. పదహారేళ్లలో మొదటిసారి జేబు తేలికైన మొహం.

శనివారం మధ్యాహ్నానికి ఓడ ఓడలాగే ఉంది. అట్టపెట్టెలో మొహం కడుక్కుంటుంటే మా అమ్మాయి మోచెయ్యి గోడలోంచి బయటికి పొడుచుకొచ్చింది. "అమ్మ మోచెయ్యి మునిగింది!" అని లాయరమ్మ అరిచింది. మోచేతికి విడిగా ప్రాణం లేదని వాదించి వాళ్లమ్మ ఆ గండం గట్టెక్కింది. బంతి కూర్చుని జరుగుతూ జరుగుతూ తన లాగుతో గీతలు తుడిచేస్తున్నాడు. వాడు తుడిచినప్పుడల్లా గది పెద్దదవుతోంది. మా అమ్మాయి చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఐదూ పదికి దీవి మోగింది.

ఎవరూ కదల్లేదు. గీతల బయట ఉన్నది సముద్రం ఒక్కటే కాబట్టి ఫోను నేనే తీసి, అందరికీ వినబడేట్టు పెట్టాను.

"మెకానిక్కు గారేనా? నేను ట్రావెల్స్ నుంచి. అంటే, ట్రావెల్స్ బయట్నుంచి. లిఫ్టులో ఇరుక్కున్నాను. ఐదో అంతస్తుకొచ్చాక తలుపు నాలుగు వేళ్లు తెరుచుకుని ఆగిపోయింది. మీ బదులు డ్యూటీలో ఉన్నతను రావడానికి గంటన్నర పడుతుందట. మీ కాగితాలు నా చేతిలోనే ఉన్నాయండీ!"

మా అల్లుడు గీత దగ్గరికి వచ్చి ఆగాడు. కాలి బొటనవేలు సుద్దకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. పోతే మునుగుతాడు. పోకపోతే ఆరయిపోతుంది, గది పోతుంది. పైగా లోపల ఒక మనిషి ఇరుక్కుని ఉంది.

"లాయరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "గది గదంతా కదిలి పోతే?"

లాయరమ్మ ఒప్పందం తెచ్చి, వెనకా ముందూ తిప్పి చూసింది. "గది కదలకూడదని రాసి లేదు. ఓడంటే కదిలేదే కదా."

బట్టలారేసే తాడు నేను విప్పి అందిస్తే, సరిగ్గా యాభై అడుగులు కొలిచి ముడేశారు. నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. పదిహేను అడుగుల పొడవూ రోడ్డుకు అడ్డంగా పెట్టి మా కుటుంబం వీధిలోకి దిగింది. ముందు నేను, అలలాగా చేతులు ఊపుతూ. వెనక ఒక బస్సు, రెండు వ్యాన్లు, ఇదేదో ఊరేగింపు అనుకుని చేరిన సైకిళ్లు. కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమిటిది?"

"ఓడ," అంది లాయరమ్మ.

అతను మమ్మల్ని ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూసి, "మరి హారన్ ఏదీ?" అన్నాడు. బంతి నోరు తెరిచి ఒక్క కేక పెట్టాడు. పోలీసు రెండు వైపులా బళ్లు ఆపేశాడు.

ఐదు అంతస్తులు మెట్లెక్కారు. మలుపు మలుపుకీ ఓడ నలిగింది గాని తాడు ఎవరూ వదల్లేదు. అప్పటికి ఐదూ నలభై. లిఫ్టు తలుపు సందులోంచి ట్రావెల్సమ్మ కన్ను ఒకటి, ముక్కు సగం కనబడుతున్నాయి.

"వచ్చారా! ఆ తాడేమిటండీ?"

"గోడలు," అన్నాడు మా అల్లుడు. తలుపు తట్టి చూశాడు, సందులోకి టార్చి వేసి చూశాడు. అతని మొహంలో గాలి పోయింది. "కరెంటు తీస్తే గాని చెయ్యి పెట్టకూడదు. స్విచ్చి మేడ మీద మోటారు గదిలో ఉంది. ఆ తలుపులోంచి ఒక్క మనిషే పడతాడు. తాడు పట్టదు."

భార్య వైపు చూశాడు. మా అమ్మాయి తన మూల తాడును తల ఎత్తు దాకా పైకెత్తి, "పొండి. ఆవిడ ఎంతసేపు నిలబడుతుంది?" అంది.

అతను వంగి బయటికొచ్చాడు.

"నాన్న మునిగిపోయాడు!" అంది లాయరమ్మ. ఈసారి అరవలేదు. ఏడుపు గొంతుతో అంది.

అతను పైకి పోయాడు. ఎప్పట్లాగే పైకి.

నాలుగైదు నిమిషాల తర్వాత లిఫ్టులో దీపం ఆరింది. మరి కాసేపటికి మా అల్లుడు ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చి, రెండు చేతులతో తలుపు పక్కకు నెట్టాడు. పూర్తిగా రాలేదు. కింద గాడిలో సన్నటి కమ్మీ పెట్టి కెలికితే తెల్లటిదేదో ఎగిరి పడింది. బొటనవేలంత ప్లాస్టిక్ ఓడ.

"నా ఓడ!" అని బంతి దాని మీదికి దూకాడు.

ట్రావెల్సమ్మ బయటికొచ్చి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మా అల్లుడు నేల చూపులు చూస్తూ, "సారీ అండీ. మా పరీక్ష ఫెయిలయింది. ఆ గది వేరేవాళ్లకిచ్చెయ్యండి," అన్నాడు.

"ఎలా ఇస్తానండీ? సంతకమైపోయిందిగా," అని చేతిలో కాగితం చూపించింది.

కింద మా అమ్మాయి సంతకం ఉంది. అతను మేడ మీద ఉన్నప్పుడు ఆ నాలుగు వేళ్ల సందులోంచే కాగితం బయటికొచ్చింది, సంతకమై లోపలికి పోయింది. సంతకానికి ముందు మా అమ్మాయి సందులోకి వంగి రెండే ప్రశ్నలు వేసింది. నేను పక్కనే ఉన్నాను.

"నడి సముద్రంలో ఫోను మోగదు కదా?"

"మా ప్యాకేజీలో మోగదండీ."

"ఓడలో లిఫ్టులెన్ని?"

"తొమ్మిది."

అతను కాగితం వంక, భార్య వంక నోరు వెళ్లబెట్టి చూశాడు. "మరి నేను మునిగాను కదే?"

"ఇక్కడున్నంత కాలం మీరు రోజూ మునుగుతూనే ఉంటారు," అంది మా అమ్మాయి. "అక్కడైతే గీత దాటి ఎక్కడికి పోతారో నేనూ చూస్తాను. ఏమ్మా లాయరమ్మా, ఒప్పందం?"

లాయరమ్మ ముక్కు తుడుచుకుని, వెంట తెచ్చిన ఒప్పందం గోడకానించి కొత్త వాక్యం చేర్చింది. "నాన్న ఓడలో లిఫ్టు ఎక్కకూడదు. ముట్టుకోకూడదు. చప్పుడు వినకూడదు. మెట్లే."

నాన్న సంతకం పెట్టాడు.

ఓడ మీద వాళ్ల గది అడుగు అంతస్తులో వచ్చింది, భోజనాల హాలు పదకొండో అంతస్తులో. ఆ ఐదు రోజులూ మా అల్లుడు అడ్డంగా ఎంత దూరం పోయాడో గాని, నిలువుగా మాత్రం ఎన్నడూ పోనంత పోయాడు. తిరిగొచ్చాక వారం దాకా మెట్లు చూస్తే పిక్కలు పట్టుకునేవాడు. ఫోను ఒక్కసారీ మోగలేదట. మూడో రోజు లిఫ్టులో ఏదో కీచుమని చప్పుడైతే, లాయరమ్మ ఎగిరి రెండు చేతులతో వాళ్ల నాన్న చెవులు మూసిందట.