ఓదెలు ఎడమ కన్ను

రెండు వేల సంవత్సరానికి అటూ ఇటూగా అమీర్‌పేటలో కళ్లజోడు లేని మనిషిని చూడాలంటే కొంత శ్రమపడాల్సి వచ్చేది. అన్ని జిల్లాల పిల్లలూ బస్సు దిగి, మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇరుకు మెట్ల వరస ఎక్కి, జావా అనో ఒరాకిల్ అనో మూడు నెలల కోర్సులో చేరేవారు. రెండో నెలలో తలనొప్పి అంటూ అవే మెట్లు దిగి, కిందున్న కళ్లద్దాల షాపులో తేలేవారు. ఈ విధంగా దేశ సాంకేతిక ప్రగతికీ, దానివల్ల వచ్చే తలనొప్పికీ మధ్య ఒక పలచని గాజు బిళ్ల అవసరపడింది. ఆ బిళ్లను సానబట్టి ఫ్రేములో కూర్చే మహత్కార్యం శ్రీ వీక్షణ ఆప్టికల్స్ వెనకగదిలో, బనియను మీద, ముక్కాలిపీట పైన కూర్చుని ఓదెలు నిర్వహించేవాడు.

ఓదెలుది పెద్దపల్లి దగ్గర పల్లె. పద్దెనిమిదో ఏట నాగలి వదిలి కోఠిలో ఒక కళ్లద్దాల కార్ఖానాలో చేరాడు. ఇరవయ్యొక్క ఏళ్లు అక్కడ గాజు రుద్ది, గుడివాడ నుంచి వచ్చిన అచ్యుతరావు అమీర్‌పేటలో షాపు తెరవగానే ఇటు మారాడు. ఎల్లారెడ్డిగూడలో రెండు గదుల ఇల్లు, రుద్రమ్మ అనే భార్య, అరచేతులకు గాజుపొడి మరకలు. ఇంతకుమించి ఆస్తిపాస్తులు చెప్పుకోవాలంటే అతని కన్ను గురించే చెప్పుకోవాలి.

ఆ కన్ను అచ్యుతరావు షాపుకి ధ్వజస్తంభం లాంటిది. వెనకగది గోడ మీద నల్లరంగుతో ఒక కూడిక గుర్తు వేసి ఉండేది. ఓదెలు ఎడమ కన్ను గట్టిగా మూసి, అద్దాన్ని చేయి చాచి పట్టుకుని, కుడి కంటితో అందులోంచి ఆ గుర్తును చూస్తూ అద్దాన్ని మెల్లగా అటూ ఇటూ ఆడించేవాడు. గుర్తు చేతితోపాటు కదిలితే మైనస్, ఎదురు కదిలితే ప్లస్. దానికి జోడీగా మరో అద్దం పెట్టి, గుర్తు కదలకుండా నిలబడే దాకా మార్చి మార్చి చూసి, "ఒకటింబావు మైనస్" అని తీర్పు చెప్పేవాడు. పవర్ కొలిచే యంత్రం కౌంటర్ మీద ఉండనే ఉంది. యంత్రానికీ ఓదెలుకూ తేడా వస్తే యంత్రాన్ని రిపేరుకి పంపేవారు.

"చూడండి సార్," అని అచ్యుతరావు కాస్త బేరమాడే కస్టమర్లను వెనకగది దాకా తీసుకొచ్చేవాడు. "నలభై ఎనిమిదేళ్లు. చత్వారం రాలేదు. జోడు లేదు. ఈయన కన్ను పడకుండా మా షాపులోంచి అద్దం బయటకు పోదు."

ఓదెలు అప్పుడు కొద్దిగా తల వంచేవాడు, అభిషేకం అయ్యాక విగ్రహం కూడా కాస్త తల వంచినట్టు మనకు అనిపిస్తుందే, అలాగ.

ఆ కంటి ఘనతకు చిన్నచిన్న ఆటంకాలు లేకపోలేదు. ముక్కాలిపీట ఏడాదికి ఒక జానెడు చొప్పున గోడ దగ్గరకు జరుగుతూ వచ్చింది. స్టాకు పెట్టెలు పెరిగి గది ఇరుకైందని అతను అనుకున్నాడు. ఎడమ భుజం గుమ్మానికి తగిలేది. షాపు నుంచి ఇంటికి నడిచే దారిలో రోజుకి నలుగురు మనుషులను, వారానికి ఒక ఆటోను గుద్దుకునేవాడు. ఇంకో ఊళ్లో అయితే ఎవరో ఒకరు అనుమానపడేవారు. అమీర్‌పేటలో ఒకరినొకరు గుద్దుకోకుండా నడవడమే జబ్బు లక్షణం.

రుద్రమ్మ మాత్రం పళ్లెం చూసి అనేది. "గీ ఎడమ దిక్కు కూర ముట్టనే లేదేంది? నా వంట మీద గంత కోపమా?"

"కనవడలే."

"కనవడక ఏమైతది? ఊరోళ్లందరికీ కండ్లు చేసేటోనివి!"

రెండు వేల మూడు జూన్‌లో, కొత్త బ్యాచ్‌లు మొదలై షాపు కిటకిటలాడుతున్న ఒక మధ్యాహ్నం, ఓదెలు సానరాయి మీద మందపాటి గాజు అద్దం ఒకటి అరగదీస్తున్నాడు. అంచు నుంచి చిన్న పెంకు లేచి కుడి కంట్లో పడింది. ముప్ఫై ఏళ్లలో ఇలాంటివి నూటపదహారు పడి ఉంటాయి. పంచె కొసతో తీసేసి పనిలో పడేవాడు. ఈసారి రాలేదు. ముందు గదిలో కళ్లు పరీక్ష చేసే హైందవి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. రాజమండ్రి పిల్ల, డిప్లొమా చదివింది, పాతికేళ్లు. కంటిని కడిగి, పెంకు తీసి, దూది పెట్టి మూసింది. మూసింది కదా అని, అలవాటు కొద్దీ, ఎదుటి గోడ మీది అక్షరాల చార్టు చూపించింది.

"ఓదెలు గారూ, ఈ కన్ను రెస్టులో ఉంది గానీ, ఆ కంటితో పై వరస చదవండి."

ఓదెలు కాసేపు అటే చూశాడు.

"కరెంటు ఎప్పుడు వోయిందమ్మా?"

నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. చార్టు వెనక ట్యూబులైటు వెలుగుతోంది. హైందవి చేయి అతని ఎడమ కంటి ముందు అటూ ఇటూ ఆడింది. ఆ చేయి అతనికి తోపాటూ కదలలేదు, ఎదురూ కదలలేదు, అసలు కనబడనే లేదు.

మర్నాడు ఆవిడే వెంటబెట్టుకుని బంజారా హిల్స్‌లో ఒక కంటి ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు మూడు యంత్రాల ముందు కూర్చోబెట్టి, కాగితాలు తిరగేసి, నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా, చూపును పక్కల నుంచి మధ్యకు తినుకుంటూ వస్తుంది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, తిరిగి రాదు. కుడి కంటికి నడిమధ్య ఒక నాణెమంత చూపు మిగిలింది. చత్వారం రాకపోవడం కూడా ఆ కంటి బలం కాదట. అందులో కొంచెం మైనస్ ఉండబట్టి దగ్గరివి కనబడుతున్నాయట. అచ్యుతరావు పదేళ్లుగా కస్టమర్లకు చూపించిన మహిమ ఉత్త మైనస్ ఒకటి.

"ఎడమ కన్ను ఎప్పటి నుంచి కనబడడం లేదు?" అని డాక్టరు అడిగాడు.

"ఎర్కలేదు సార్. నేను గా కన్ను తెరిస్తే గద?"

డాక్టరు కలం ఆపి అతని ముఖం వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లు ఒక కన్ను మూసి బతికిన మనిషి, అది లోపల తలుపు గడియ పెట్టుకుందని తెలుసుకోకపోవడంలో పెద్ద వింత లేదు. కాగితం మీద మాత్రం అది రాయడానికి గడి లేదు.

"పొద్దున, సాయంత్రం ఈ చుక్కలు. ఒక్క పూట మానినా మీ ఇష్టం. వేసినా కొందరికి ఆగదు, ముందే చెబుతున్నా. ఇంకొకటి. ఆ రాయి దగ్గర వట్టి కంటితో నిలబడొద్దు. మిగిలింది ఇదొక్కటే. ఇందులో ఇంకో పెంకు పడితే నా దగ్గరకు వచ్చి కూడా లాభం లేదు."

మెట్లు దిగుతూ హైందవి, "సార్‌కి చెప్పేద్దాం ఓదెలు గారూ," అంది.

"జర ఆగమ్మ. పంజాగుట్టది ఓపెన్ కానీ."

పంజాగుట్టలో అచ్యుతరావు కొత్త షాపు సిద్ధమవుతోంది. జపాన్ నుంచి అద్దాలు కోసే ఆటోమేటిక్ యంత్రం వస్తోంది. దాని పక్కనే అద్దాల గోడ వెనక ఒక సానరాయి, ఒక పీట, దాని మీద ఓదెలు. కొనడానికొచ్చినవాళ్లు నిలబడి చూస్తారు. పదేళ్లు మెట్ల కింద దాగి ఉన్న మనిషికి ఇది పట్టాభిషేకమే. అందుకని ఓదెలు తెలివిగా ఒక పని చేశాడు. పగలని ప్లాస్టిక్ బిళ్లలు రెండు తీసుకుని, పవర్ లేకుండా, తన కొలతకు తనే ఒక జోడు చేసుకున్నాడు. జీవితంలో తన కోసం చేసుకున్న మొదటి జోడు అది. పెట్టుకుని రాయి దగ్గర కూర్చున్నాడు.

అచ్యుతరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటయ్యా ఇది?"

"పెంకులు వడ్తున్నయ్ సార్. అడ్డం కోసం."

"తియ్. ముందు తియ్. ముప్ఫై ఏళ్లు అడ్డం లేనిది ఇప్పుడెందుకు? జోడు పెట్టుకున్న ఓదెలును చూపించి నేనేం చెప్పుకోను?"

"మనం అమ్మేది గవే గద సార్."

"అమ్మేవి మనం పెట్టుకుంటామా ఏంటి! ప్రారంభోత్సవానికి కార్పొరేటర్ గారు వస్తున్నారు. ఆయన ముందు చేత్తో ఒక గాజు అద్దం కొయ్యాలి నువ్వు. ఇలాంటి వేషాలు వెయ్యకు."

జోడు జేబులోకి పోయింది. ఇంట్లో రుద్రమ్మ చుక్కల సీసా చేతిలో పట్టుకుని, భర్త గడ్డం పైకెత్తి, మందు వేస్తూ అడిగింది.

"గా కొలువు ఇడిసిపెడితే ఏమైతది? వాచ్‌మన్ పని దొరకదా?"

"కావలి కాయనీకి కండ్లు కావాల్నే."

రెండో చుక్క చెంప మీద పడింది. తుడిచి మళ్లీ వేసింది.

ప్రారంభోత్సవం విజయదశమికి ముందు శుక్రవారం పదకొండు గంటలకు జరిగింది. రిబ్బను కత్తిరించారు. కార్పొరేటర్ గారు దృష్టి, దూరదృష్టి అనే విషయాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడి, మధ్యలో తన కాగితం చదవడానికి పక్కాయన జోడు అడిగి తీసుకున్నారు. తరవాత అందరూ అద్దాల గోడ ముందుకు చేరారు. లోపల ఇస్త్రీ చొక్కాలో ఓదెలు. ఫ్రేము, దాని ఆకారంలో కోసిన రేకుముక్క, గుండ్రటి గాజు బిళ్ల ముందే సర్ది ఉన్నాయి. హైందవి జనం వెనక నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. అచ్యుతరావు లోపలికి చేయి ఊపాడు.

సానరాయి తిరగడం మొదలైంది. ఓదెలు కుడిచేయి ఒకసారి చొక్కా జేబు దాకా పోయి, అక్కడ జోడును తాకి, వెనక్కు వచ్చింది. కన్ను తెరిచి ఉంటేనే కదా పెంకు పడేది. అతను గాజును రాయికి ఆనించి, ఎడమ కన్ను ఎప్పటిలాగే మూసి, కుడి కన్నూ మూసేశాడు.

వేళ్లకు అన్నీ తెలుసు. రాయి రాగం మందంగా ఉన్నప్పుడు గాజు ఎక్కువుందని, సన్నబడ్డప్పుడు ఆపాలని చెవికి తెలుసు. నాలుగు సార్లు ఆపి, అంచును బొటనవేలితో తడిమి, రేకుముక్కకు పోల్చి, మళ్లీ ఆనించాడు. ఆరు నిమిషాల తరవాత ఆ బిళ్ల ఫ్రేములో టక్కున కూర్చుంది.

బయట చప్పట్లు మోగాయి. కార్పొరేటర్ గారు, "కండ్లు మూసుకొని కండ్లద్దాలు చేస్తుండు! మస్తున్నదయ్యా!" అన్నారు. ఒక విలేకరి ఫొటో తీశాడు. అచ్యుతరావు కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆయన ఈ అంశాన్ని ముందు తనే ఆలోచించనందుకు కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

ఆ మధ్యాహ్నమే ఓదెలు వెళ్లి మొత్తం చెప్పేశాడు. ఎడమది పోయిందని, కుడిదానికి ఇంతే మిగిలిందని, రాయి దగ్గర వద్దన్నారని. అచ్యుతరావు చాలాసేపు టేబుల్ మీది గాజు పేపర్‌వెయిట్‌ను తిప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. చుక్కల మందు ఇక తన ఖర్చు అన్నాడు. అన్నాక, ఇంకొంచెం ఆలోచించి, మృదువుగా అన్నాడు.

"ఇది బయట ఎక్కడా అనకు. కళ్లు మూసుకునే కదా చేసేది ఓదెలూ? మరింక ఇబ్బందేం ఉంది?"

తర్కం దిట్టమైనది.

అప్పటి నుంచి శ్రీ వీక్షణ పంజాగుట్ట శాఖలో ప్రతి సాయంత్రం అయిదింటికి ప్రదర్శన. కరపత్రాల మీద, కళ్లు మూసుకుని ఉన్న ఓదెలు బొమ్మ. అసలు ఆర్డర్లన్నీ జపాన్ యంత్రం చేసేది. ఓదెలు కోసిన అద్దాలను మర్నాడు చెత్తబుట్టలో వేసేవారు. మొదట్లో అతను వాటిని ఏరి, గుడ్డతో తుడిచి, డబ్బాలో దాచేవాడు. డబ్బా నిండాక మానేశాడు. కంట్లో ఒక్క పెంకూ పడలేదు. పొద్దున, సాయంత్రం చుక్కలు రుద్రమ్మ తప్పకుండా వేసింది. డాక్టరు మాత్రం ఆరు నెలలకొకసారి కాగితం మీద నల్లరంగు ఎంత పెరిగిందో చూపిస్తూ వచ్చాడు. ఇలా రెండేళ్లు గడిచాయి.

రెండు వేల అయిదు వానాకాలంలో ఒక శనివారం. హాస్టళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు, ఉద్యోగం దొరికి మొదటి జీతంతో ఫ్రేములు కొనడానికొచ్చిన కుర్రాళ్లు, అద్దాల గోడ ముందు ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఓదెలు రాయి ఆపాడు. బిళ్ల ఫ్రేములో కూర్చుంది. చప్పట్లు కొట్టారు. అతను లేచి, రోజూలాగే కళ్లు తెరిచి, రెండు చేతులూ జోడించి, నవ్వుతూ వంగి నమస్కారం పెట్టాడు.

జపాన్ యంత్రానికి.

జనం పకపకా నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఒకడు ఈల వేశాడు. "భాయ్, మెషిన్‌కు దండం వెట్టిండు రా!" నవ్వు ఎక్కడి నుంచి వస్తోందో ఓదెలు విన్నాడు. చేతులు జోడించే ఉంచి, చెవి ఒకవైపు వంచి, పాదం అరంగుళం జరిపి, ఆగిపోయాడు. ఈ శాఖకే మారిన హైందవి పరీక్ష గదిలోంచి పరుగున వచ్చి, తలుపు తోసి, అతని భుజాలు పట్టుకుని జనం వైపు తిప్పింది.

"ఇటు, ఓదెలు గారూ," అంది.

అతను ఇటు నమస్కారం పెట్టాడు.