మామ బండి విప్పేశాం

జగిత్యాల ఐటీఐలో మోటార్ మెకానిక్ క్లాసుకు మొదటి రోజు వెళ్లినప్పుడు, మా సారు నన్ను చూసి చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే కిటికీ బయటికి చూపించాడు.

"కుట్టుమిషిన్ క్లాసు అవతలి షెడ్డుల బిడ్డా. ఇటు గాదు."

"నాది ఇదే క్లాసు సార్."

ఆయన హాజరు పట్టీ తెరిచి, నా పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. తర్వాత నన్ను ఒకసారి, నా చెప్పులను ఒకసారి చూశాడు. "రేపటిసంది బూట్లేసుకొని రా. ఇనుప పాన కాలి మీద పడ్డంక నన్ను అడగొద్దు," అని బోర్డు వైపు తిరిగాడు. ఇరవై రెండు మంది మగపిల్లలు నా కోసం జరిగి చోటిచ్చారు. ఎంత జరిగారంటే, ఒక బెంచీ మొత్తం నాకే వచ్చింది.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. చిన్నప్పుడు బాపుకు సద్ది ఇవ్వడానికి షెడ్డుకు పోతే నేను బట్ట నేయడం చూసేదాన్ని కాదు. సాంచా ఆగిపోతే బాగుచేయడానికి వచ్చే మనిషిని చూసేదాన్ని. అంత చప్పుడులో అతను యంత్రానికి చెవి ఆనించి, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. నాకు అది మంత్రంలా అనిపించేది. పదో తరగతి అయ్యాక ఐటీఐ దరఖాస్తులో మొదట కంప్యూటర్ కోర్సు పెట్టమన్నాడు బాపు. నెట్ సెంటర్‌లో కూర్చుని నేను మోటార్ మెకానిక్ అని పెట్టాను. సీటు వచ్చాకే ఇంట్లో చెప్పాను.

బాపు చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకున్నాడు. చివరికి, "నూనె వాసన నాతోనే పోవాలె అనుకున్న. నువ్వు పోయి ఇంకో షెడ్డుల వడ్డవ్," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

చదువుకునే రెండేళ్లూ కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి, రోజూ బస్సులో జగిత్యాల వెళ్లొచ్చాను. మామ మస్కట్‌లో లారీ నడిపేవాడు. ఇంట్లో ఉండేది అత్త ఒక్కతే. వరండాలో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. ఆమె పక్కనే, పాత చీర కప్పుకుని మామ బండి ఉండేది. మామ రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడే అది రోడ్డెక్కేది.

ప్రతి శుక్రవారం పొద్దున్నే, నేను బస్సుకు బయల్దేరేలోపు, మామ వీడియో కాల్ చేసేవాడు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఎట్లున్నది?"

"బాగనే ఉన్న," అనేది అత్త.

"నిన్ను గాదే. బండిని అడుగుతున్న."

అత్త పళ్లు కొరుకుతూ చీర తీసి బండిని చూపించేది. నేను కిక్కు కొట్టేదాన్ని. మామ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. నెట్ సరిగా లేని రోజున అత్త ఆ చప్పుడును వాయిస్ మెసేజ్‌గా పంపించేది.

ఇక ఐటీఐలో నా పరిస్థితి ఏమంత బాగా లేదు. మా షెడ్డులో అడ్డంగా కోసి రంగులేసిన ఇంజిన్ ఒకటి ఉండేది. ఎర్రది ఎగ్జాస్ట్, నీలం గాలి వచ్చే దారి, పసుపు ఆయిల్. చూడటానికి జాతరలో బొమ్మలా ఉండేది, కానీ తిరిగేది కాదు. నిజంగా తిరిగే ఇంజిన్ ఒక్కటే ఉండేది. దాని చుట్టూ మగపిల్లలు ఎంత గట్టిగా మూగేవాళ్లంటే, నాకు వాళ్ల వీపులే కనిపించేవి. నా చేతిరాత బాగుంటుందని తెలిశాక అందరూ తమ రికార్డులు తెచ్చి నా బెంచీ మీద పేర్చడం మొదలుపెట్టారు. వాళ్లు బోల్టులు విప్పేవాళ్లు. నేను బోల్టుల బొమ్మలు గీసేదాన్ని. ఒక్క బొమ్మ గీసినందుకు ఒక సమోసా. మొదట్లో నాకది మంచి బేరమే అనిపించింది.

మూడు నెలలకు రెండు కిలోలు పెరిగాను గానీ పాన పట్టడం రాలేదు.

ఒక శనివారం సెలవు. వరండాలో కూర్చుని చీర కింది బండినే చూస్తున్నాను. అత్త బీడీ చుట్టడం ఆపింది.

"ఏంది పిల్లా, గట్ల సూస్తున్నవ్?"

"దీన్ని ఒకసారి విప్పి చూస్తే బాగుండు అత్తా. మళ్ల ఎట్లున్నదట్ల పెట్టేస్త."

అత్త తిడుతుందనుకున్నాను. ఆమె చాట పక్కకు పెట్టి, చీర కొంగు నడుముకు చెక్కి లేచింది.

"ఇప్పు. మొత్తం ఇప్పు. గంతగనం మురుస్తడు గదా, దీని కడుపుల ఏమున్నదో నేను గూడ సూడాలె."

మామ డబ్బాలో పానలున్నాయి. సీటు, ట్యాంకు, కార్బురేటర్, హెడ్డు, సిలిండర్, చివరికి పిస్టన్. విప్పిన ప్రతి ముక్కనూ అత్త కడిగి, తుడిచి, బీడీల చాటలో వరసగా పెట్టింది. బీడీలకు చుట్టే దారంతో వాటికి ముడులు వేసింది. మొదట విప్పినదానికి ఒక ముడి, తర్వాతదానికి రెండు. మా ఐటీఐలో ఇంత పద్ధతిగా ఎవరూ విప్పగా నేను చూడలేదు. పిస్టన్‌ను అరచేతిలో పెట్టుకుని అత్త అటూ ఇటూ తిప్పింది.

"గీ టీ గిలాసంత దానికోసమా నన్ను పలకరియ్యనిది!"

ఆదివారానికి బిగించేయాలని నా లెక్క. కానీ హెడ్డు విప్పాక కింద పరిచే గ్యాస్కెట్ రేకు కొత్తది వేయాలి కదా, అది కోరుట్ల దుకాణంలో లేదు. తెప్పిస్తానని చెప్పి దుకాణమతను సోమవారం, మంగళవారం, బుధవారం తిప్పించుకున్నాడు. అది గురువారం సాయంత్రం వచ్చింది. తెల్లవారితే శుక్రవారం.

ఆ రాత్రి ఇద్దరం కలిసి ఉపాయం ఆలోచించాం. సీటు, ట్యాంకు పైన పెట్టి, ఇంజిన్ దగ్గర మాత్రం చీర వేలాడేలా కప్పాం. చప్పుడుకు అత్త ఫోన్‌లో పాత వాయిస్ మెసేజ్ ఉంది కదా, దాన్ని నా ఫోన్‌కు పంపించుకున్నాను. తొందరలో దాని కిందున్న మెసేజ్ కూడా వచ్చేసింది. నేను చూసుకోలేదు.

పొద్దున్నే కాల్ వచ్చింది. నేను బండి వెనక ఒంగి కూర్చున్నాను.

"ఎట్లున్నది?"

"సల్లగ ఉన్నది," అని అత్త కెమెరాను ట్యాంకు మీద తిప్పింది.

"చీర పూరా తియ్యవేందే?"

"దుమ్ము వడ్తది. కోడలు స్టార్ట్ చేస్తది, ఇను."

నేను కాలితో నేలను ఒకసారి తన్ని, ఫోన్ నొక్కాను. ఇంజిన్ చక్కగా పలికింది. మామ కళ్లు మూసుకున్నాడట. అంతా బాగానే సాగింది. చప్పుడు అయిపోగానే నా ఫోన్ టుక్కుమని, దానంతట అదే తర్వాతి మెసేజ్ అందుకుంది. బండి లోపలి నుంచి అత్త గొంతు ఖంగుమని మోగింది.

"ఏమయ్యా, ఫోన్ జేస్తె ఎత్తవేంది? గిట్లనే జేస్తె నీ బండిని పాత సామాన్లోనికి ఏస్త సూస్కో!"

నేను ఫోన్‌ను కడుపుకేసి అదుముకున్నాను. అత్త నోరు మూసుకునే నిలబడి ఉంది.

"ఏందే, నీ నోరు కదల్తలేదు, మాట వస్తున్నది?" అన్నాడు మామ.

"నెట్టు సరిగ లేదు."

"గీ తిట్టు నాకు ఎరికే. పోయిన బతుకమ్మ పండుగకు తిట్టిన తిట్టు గదా ఇది?"

"యాడాదికో కొత్త తిట్టు యాడికెళ్లి తేవాలె నేను?"

మామ నవ్వాడు. తర్వాత, "సరేగని, చెప్పుడు మరిచిన. సెలవు దొరికింది. బుధారం పొద్దుగాల ఇంట్ల ఉంట," అన్నాడు. అత్త ముఖం ఒక్కసారి వెలిగి, వెంటనే చీర వైపు చూసి ఆరిపోయింది.

శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం దాకా ఊపిరాడకుండా బిగించాం. అత్త ముడులు లెక్కపెట్టి అందిస్తుంటే నేను ఎక్కించాను. ఒక్క ముక్క మిగల్లేదు. ఆదివారం సాయంత్రం కిక్కు కొట్టాను. ఠప్పుమని పేలింది. కిక్కు రాడ్డు వెనక్కి తన్ని నా పిక్క మీద కొట్టింది. ఎదురింటి కోళ్లు గోడెక్కాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ పేలింది. ఎవరింట్లోనో పెళ్లి కుదిరిందా అని పక్కింటామె తొంగిచూసింది.

"దీనికి అరగనట్టున్నది," అంది అత్త దిగులుగా.

నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నా రికార్డు తెరిచి ఎంత చదివినా తప్పు ఎక్కడుందో తెలియలేదు.

సోమవారం సారు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "సార్, ఒకాయన బండి ఉన్నది. హెడ్డు విప్పి బిగిస్తే పేలుతున్నది. ఎందుకయితది సార్?"

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఆ ఒకాయనకు ఎరికేనా, బండి విప్పినట్టు?"

"...లేదు సార్."

"మ్యాగ్నెట్ చక్రం మీద ఏమేం గీతలుంటయి?"

"టీ అని ఒకటి, ఎఫ్ అని ఒకటి సార్. టీ అంటే పిస్టన్ పైకొసకు వచ్చినట్టు. ఎఫ్ అంటే ప్లగ్గుల నిప్పు పడే జాగ."

"మరి టైమింగ్ చైను ఎక్కియ్యంగ నువ్వు ఏ గీత సూసినవ్?"

ఇంజిన్ పక్క మూతకున్న చిన్న కిటికీలోంచి టార్చి వేసి చూసినప్పుడు ముందు ఏ గీత కనిపిస్తే దాన్నే పట్టుకున్నాను. అది ఎఫ్. పిస్టన్ పైకొసకు రాకముందే చైను ఎక్కించానన్నమాట.

"గీ బొమ్మ ఇరువై మూడు రికార్డుల ఉన్నది," అన్నాడు సారు. "ఇరువై మూడింట్ల చెయ్యి ఒక్కటే. ఎవల చెయ్యి అని నేను ఎన్నడన్న అడిగిన్నా?"

ఆయన లేచి, తిరిగే ఇంజిన్ దగ్గర మూగిన వీపుల వైపు నడిచాడు. "జరుగుర్రి. రేపటిసంది మొదటి పాన ఈ పిల్లకు. మీ రికార్డులు మీరే రాసుకోర్రి." ఆ రోజు నుంచి నాకు సమోసాలు ఆగిపోయాయి. ఇద్దరు పిల్లలైతే నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఒకడికి పిస్టన్ బొమ్మ గీయమంటే సొరకాయ గీశాడు.

ఆ సాయంత్రం కోరుట్లలో బస్సు దిగి పరుగెత్తాను. సైడు మూత విప్పి, టీ గీత కలిపి, చైను మళ్లీ ఎక్కించాను. అత్త టార్చి పట్టుకుని దేవుళ్లందరినీ పిలిచింది. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. మునుపటికంటే సన్నగా, తేటగా పలికింది. అత్త నన్ను వాటేసుకుంది. ఇద్దరి ముఖాలూ నల్లగా అయ్యాయి.

బుధవారం మామ ఆటో దిగి, బ్యాగు వాకిట్లోనే పెట్టి, తిన్నగా బండి దగ్గరికి వెళ్లాడు. స్టార్ట్ చేసి, కథలాపూర్ రోడ్డు మీద ఎంతో దూరం పోయి వచ్చాడు. దిగి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నేను పోయిననాటికంటె మంచిగ నడుస్తున్నది. గిదెట్ల?"

చెప్పొద్దని అత్తే నాతో మూడుసార్లు ఒట్టు వేయించుకుంది. కానీ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమెకే ఆగలేదు. "ఎట్లేంది? మేమిద్దరం ఇప్పి బిగిచ్చినం! పిస్టను నేనే కడిగిన!"

మామ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని, వరండాలో బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో బోల్టునూ వేలితో తడుముతూ మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాడు. లోపల అత్త, నేను గుసగుసలు కూడా ఆపేశాం. ఎండ తగ్గాక పిలిచాడు.

"ఇగో కోడలు పిల్లా. క్లచ్ జరంత గట్టిగున్నది. సూడు."

నేను పాన తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. కేబుల్ సరిచేస్తుంటే ఆయన మెల్లగా అన్నాడు. "ఆడ రూముల పది మందిమి ఉంటం. దీని సప్పుడు ఇంటుంటె ఇంట్లున్నట్టే అనిపిస్తది. గందుకే అడుగుత."

"మరి నా సప్పుడు?" అంది గడప లోపలి నుంచి అత్త.

"నీది యాద్దెచ్చుకోవాల్నా? ఫోను పెట్టినంక గూడ మోగుతనే ఉంటది."

అత్త ఏదో విసిరింది. అది నాకే తగిలింది.

చదువు అయిపోయాక సిరిసిల్లలో ఒక బండ్ల సర్వీసింగ్ సెంటర్‌లో పనికి చేరాను. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. బాపు మాత్రం అటు వైపు రాలేదు. షెడ్డు నుంచి వస్తూ ఎదుటి హోటల్‌లో చాయ తాగుతూ, రోడ్డు అవతలి నుంచి చూసిపోయేవాడని తోటి పనివాళ్లు చెప్పేవాళ్లు.

ఒకరోజు పొద్దున బాపు తన పాత మోపెడ్‌ను నెట్టుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు. నన్ను ఎరగనట్టే ఉన్నాడు. మావాడొకడు ముందుకొచ్చి, "ఇటు తెండి, నేను చూస్త," అంటే తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. గా మేడం ఖాళీ అయ్యేదాంక ఆగుత."

నా ముందున్న బండి ముగించి, కాగితం పట్టుకుని వెళ్లాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

"ఏం ప్రాబ్లం సార్?"

"నాకేం ఎరుక మేడం. సదువుకున్నోళ్లు మీరే చెప్పాలె."

ఒంగి చూశాను. ప్లగ్గు క్యాపు ఊడి వేలాడుతోంది. అది దానంతట అది ఊడేది కాదు, ఎవరో చేత్తో పీకారు. పైకి చూస్తే బాపు చాలా గంభీరంగా గోడ మీది బోర్డు చదువుతున్నాడు.

వెంటనే క్యాపు పెట్టి పంపించేస్తే బాగుండదనిపించింది. ప్లగ్గు విప్పి తుడిచాను, చైనుకు నూనె వేశాను, బ్రేకులు సరిచేశాను, టైర్లలో గాలి చూశాను. బాపు చేతులు వెనక కట్టుకుని, నా ప్రతి పనినీ దగ్గరగా ఒంగి చూశాడు. చివరికి క్యాపు నొక్కి స్టార్ట్ చేశాను.

"గంతేనా మేడం?"

"గంతే సార్."

మోపెడ్ ఎక్కి బజారు వైపు తిరిగాడు. మలుపు దాకా హారన్ కొడుతూనే పోయాడు. రోడ్డు మీద అడ్డంగా ఎవరూ లేరు.