మత్తడి మీది రాళ్లు

ఒక్క మాట మింగేశాను. పన్నెండేళ్లు దాటింది, అది ఇంకా అరగలేదు. అన్నం ముందు కూర్చున్నా, ఊళ్లో ఎవరైనా నన్ను మంచోడన్నా గొంతుకు అడ్డం పడుతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు. రేపు పొద్దున బజారులో ఎదురుపడి నా ముఖంలోకి చూడరు. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

మాది వరంగల్‌కు పరకాల వైపున్న ఒక ఊరు. డెబ్బైల్లో అక్కడి పంచాయతీలో నేను గుమాస్తాను. పంచాయతీ రేడియో నా బల్ల మీదే ఉండేది. ఊళ్లో రెండు మూడు ట్రాన్సిస్టర్లున్నా అవి పాటలకే. వానల సంగతి కావాలంటే అందరూ నన్నే అడిగేవారు. నేను చెప్పిందే రేడియో చెప్పినట్టు.

మా చెరువుకు నీరటి సాయిలు. తూము ఎత్తడం, దించడం, పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదలడం అతని పని. తండ్రీ తాతా కూడా అదే పని చేశారు. చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే రాతి గోడను మేం మత్తడి అంటాం. దాని మీద రాళ్లు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తితే ఇంకో మూరెడు నీళ్లు ఆగుతాయి. ఆ మూరెడు ఉంటేనే యాసంగిలో, అంటే రెండో పంటకు, చివరి పొలాలకు తడి అందుతుంది. ఆ చివరి పొలాల్లో నాదొకటి. అప్పటికి వరసగా రెండు యాసంగులు ఎండిపోయింది. కడుపు మండిపోయేది. ఎవరి మీద? చెరువు మీదా? తూము పక్కనే పొలాలున్న వాళ్ల మీదా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఏడు సాయిలు చేత రాళ్లు పేర్పించింది నేనే.

పెద్ద వాన వస్తుందంటే మాత్రం ఆ రాళ్లు తీసేయాలి. లేకపోతే కట్ట ఆగదు. ఆ సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం వార్తల చివర తుఫాను గురించి చెప్పారు. కోస్తాలోనూ తెలంగాణలోనూ పెద్ద వానలు పడతాయని, ఈదురుగాలులు వీస్తాయని అన్నారు. స్పష్టంగా విన్నాను. గరగర కూడా లేదు. అదన్నా ఉంటే నాకో సాకు దొరికేది.

రేడియో కట్టేస్తుంటే సాయిలు వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేత పట్టుకుని గడప బయటే నిలబడి ఆకాశం వైపు చూపించాడు.

"సారూ, మొగులు జర తేడగున్నది. గాలి గూడ తూర్పు నుంచి కొడ్తాంది. రేడియోల ఏమన్నరు? మత్తడి మీది రాళ్లు తీసెయ్యాల్నా?"

"తుఫాను కోస్తకు, సాయిలూ. ఫికర్ జెయ్యకు."

"తియ్యొద్దంటరా అయితే?"

"తీస్తే నీళ్లన్నీ వాగుల పోతయి. యాసంగికి ఏం జేస్తం?"

"మీరన్నంక ఇంకేంది సారూ," అని తువ్వాల మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

అది అబద్ధమా? కోస్తాకు అన్నది నిజమే కదా. ఒక్క మాట వదిలేశాను, అంతే కదా. గుమాస్తాను కాబట్టి నా తరఫున నేనే ఏళ్ల తరబడి ఇలాంటి వాదనలు పేర్చుకుంటూ వచ్చాను, ఒక్కటీ నిలబడలేదు. వాన నా పొలానికి కావలసినంత కురిసి మర్యాదగా ఆగిపోతుందనుకున్నానేమో. ఏం తెలివి!

తెల్లారేసరికి వాన ఎత్తుకుంది. గాలికి రేకులు లేచిపోతున్నాయి. సాయిలు పలుగు తీసుకుని మత్తడి దగ్గరికి పరుగెత్తేసరికి రాళ్ల మీద నుంచి నడుంలోతు నీళ్లు దుముకుతున్నాయి. కొట్టుకుపోవచ్చని తెలిసీ దిగాడు. నాలుగు రాళ్లు తీశాడు. మధ్యాహ్నానికి కట్ట తెగింది. కింది పొలాలన్నీ ఇసుక మేట వేశాయి. కింది వాడలో మట్టి ఇళ్లు కూలిపోయాయి, అందులో సాయిలుది కూడా ఉంది. ఖాళీ చెరువు నుంచి నా పొలానికి ఆ యాసంగి కూడా చుక్క రాలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజు నాకు ముందు గుర్తొచ్చింది నా పొలమే.

పంచాయతీ పెట్టారు. రాళ్లెందుకు తియ్యలేదని పెద్దలు నిలదీశారు. సాయిలు ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "వాన రాదనుకున్న, తప్పయింది," అన్నాడు. నీరటి అజాగ్రత్త వల్లే కట్ట తెగిందనీ, అతణ్ణి పనిలోంచి తీసేస్తున్నామనీ తీర్మానం రాసింది నేనే. చదివి వినిపించిందీ నేనే. వేలిముద్రకు సిరా డబ్బా కూడా నేనే పట్టాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాసుకుంటే బాగుండేది, కానీ వణకలేదు.

బయటికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

"రేడియో తప్పు జెప్తె మీరేం జేస్తరు సారూ? మీ పేరెందుకు దియ్యాలె?" అన్నాడు.

ఆ మంచితనం మీద నాకు ఒళ్లు మండింది. నన్ను తిట్టొచ్చు కదా? కాలర్ పట్టుకుని నలుగురిలో నిలబెట్టొచ్చు కదా? అతను అలా చేయడని తెలిసే కదా నేను నోరు మూసుకున్నది! తాతలనాటి పని పోయి కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోశాడు. నడుము పట్టేశాక మళ్లీ ఊరికొచ్చాడు.

మొన్నటి తుఫానుకు రేడియో మళ్లీ హెచ్చరించింది. ఈసారి నేనే అతని ఇంటికి పరుగెత్తాను. విని నవ్వాడు. "రేడియో మాటకేం సారూ, అప్పుడేమయిందో మీరే సూసిండ్రు గద. నేనిప్పుడు మొగులునే నమ్ముత," అని పలుగు భుజాన వేసుకుని, ఎవరూ పిలవకపోయినా, ఆ నడుముతోనే వానలో కట్ట మీదికి బయలుదేరాడు. అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. "గొంగడి కప్పుకో, తడుస్తవు," అన్నాను.

అందుకే ఇలా రాస్తున్నాను. సాయిలుకు చదువు రాదు. అతని ఇంటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తాడు. ఇది అచ్చయి ఎవరైనా అతని చేతిలో పెడితే, మడిచి జేబులో పెట్టుకుని మా గడప దగ్గరికే వస్తాడు. జర సదివి చెప్పుండ్రి సారూ అంటాడు. అప్పుడు ఒక్క మాట కూడా వదలకుండా చదువుతానా?

తెలియదు. ఇక్కడ మాత్రం వదల్లేదు. పైన రాశాను, చూడండి. తెలంగాణలోనూ అన్నారు. నేను విన్నాను.